దారం ఖర్చు

మాస్టరు ఐపీ పెట్టాడని తెలిసిన రోజున వీధిలో సగం మంది అతను లక్షలు ఎక్కడో దాచేశాడనుకున్నారు. మిగతా సగం మంది ఎంత దాచి ఉంటాడో లెక్కలు కట్టారు. దివాలా తీసినవాడి గురించి లోకానికి గట్టి నమ్మకం ఒకటుంది. వాడు పైకి చేతులెత్తేస్తాడట, లోపల మూట కట్టుకుంటాడట. అలాంటివాళ్లు లేరని నేను అనను. కానీ మాస్టరు దగ్గర దాచుకోవడానికి మిగిలింది ఒక కుట్టు మిషను, ఒక కత్తెర, పన్నెండు వందల నీలం గళ్ల చొక్కాలు. ఆ చొక్కాలు ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు.

పాతికేళ్లు కుట్టిన మనిషి. చొక్కా భుజం చూసి దాన్ని తొడుక్కునేవాడు ఏ చేత్తో బరువు మోస్తాడో చెప్పేవాడు. అంత తెలివీ బట్ట దగ్గరే. కాగితం దగ్గరికొస్తే చిన్నపిల్లాడు. మూడు స్కూళ్లు నడిపే ఒక పెద్దమనిషి వచ్చి, ఒక టీ తాగి, రెండు వేల జతల యూనిఫారాలు కుట్టమన్నాడు. ఆ టీ గ్లాసే ఒప్పందం. మాస్టరు బ్యాంకులో అప్పు తీసుకుని అద్దె కొట్టు పెద్దది చేశాడు, వాయిదాల మీద ఆరు మిషన్లు తెచ్చాడు, బట్టల షావుకారు దగ్గర తానులకు తానులు అరువు తెచ్చాడు. చాలకపోతే పెళ్లాం అన్న దగ్గర చేబదులు తీసుకున్నాడు. పన్నెండు వందల చొక్కాలు కుట్టాక స్కూలువాళ్లు రంగు మార్చేశారు. పెద్దమనిషిగారి భార్యకు నీలం నచ్చలేదట. అడగడానికి వెళ్తే, రాతపూర్వకంగా ఏమైనా ఉందా అని గుమాస్తా చేత అడిగించారు. లేదు.

ఏడాదిన్నర పాటు వడ్డీలకు అప్పులు చేశాడు, ఆ అప్పులకు మళ్లీ వడ్డీలు కట్టాడు. చివరికి వకీలు చెప్పాడు, ఇది ఈదే నీళ్లు కావు, ఐపీ పెట్టెయ్యమని. ఎవరెవరికి ఎంతెంత ఇవ్వాలో ఒక్క పేరు కూడా వదలకుండా రాసుకు రమ్మన్నాడు.

మాస్టరు కటింగ్ బల్ల మీద కూర్చుని పది పేర్లు రాశాడు. బ్యాంకు, మిషన్ల కంపెనీ, షావుకారు, కొట్టు యజమాని, గుండీల దుకాణం, ఇంకా నలుగురు వడ్డీవాళ్లు. పదో పేరు బావమరిదిది. అది కూడా రాశాడు. పదకొండో పేరు దగ్గర పెన్ను పక్కన పెట్టేశాడు.

ఆ పదకొండో మనిషి కాజాలక్క. ఇరవై ఏళ్లుగా అతని దగ్గర చేత్తో కాజాలు కుట్టేది. మిషను మీద కాజాలు వేసే కాలం వచ్చినా అతను ఆమెను మాన్పించలేదు. చొక్కా చిరిగి పీలికలైనా ఆమె కుట్టిన కాజా చిరగదని అతని గర్వం. ఆమెకు మొగుడు పోయాక మేనల్లుడి ఇంట్లో చోటు దొరికింది. చోటంటే వంటింటికీ వరండాకీ మధ్య నడవ. అందరూ లేచి తిరిగే దారిలో చాప. మనిషికి ఒకే ఒక కోరిక. తనకంటూ ఒక గది, ఆ గదికి లోపల గడియ. "పడుకున్నాక ఎవరూ నన్ను దాటుకుంటూ పోకూడదు తమ్ముడూ" అనేది, నవ్వుతూనే.

ఆ గది అడ్వాన్సు కోసం నెలనెలా తన కూలిలో సగం మాస్టరు దగ్గరే వదిలేసేది. ఇంటికి తీసుకెళ్తే మేనల్లుడి పెళ్లాం కంట పడుతుందని భయం. పాటర్న్‌లు గీసుకునే ఖాకీ కాగితాలు మడిచి ఆమే ఒక చిన్న పుస్తకం చేసింది, అంచుకు కాజా కుట్టు వేసి. నెలనెలా అందులో మాస్టరు అంకె రాసి సంతకం పెట్టేవాడు. పుస్తకం ఆమె దగ్గర, డబ్బు అతని దగ్గర. ఎనభై నాలుగు వేలయ్యాయి. షావుకారు కుర్రాళ్లను తీసుకుని కొట్టు ముందు కూర్చున్న రోజున ఆ ఎనభై నాలుగు వేలూ షావుకారు బాకీలోకే పోయాయి. ఆమెను అడిగి కాదు. నెల తిరిగేసరికి సర్దేస్తాననుకున్నాడు. ఆ మాట తర్వాత ఆమెకు చెప్పాడు కూడా. నీ దగ్గరుంటే ఏం, నా దగ్గరుంటే ఏం అని ఊరుకుంది.

ఇప్పుడు ఆమె పేరు ఎందుకు రాయలేదో చెప్పాలి. మాస్టరు బుర్రలో ఆ లిస్టుకు అర్థం ఒక్కటే, తాను ఎగనామం పెట్టబోయేవాళ్ల పేర్లు. అందులో రాస్తే ఇంక ఇవ్వనని కోర్టు ముందు ఒప్పుకున్నట్టు. ఆమె ఇంటికి కోర్టు నుంచి ఉత్తరం పోతుంది, మేనల్లుడు దాన్ని చదివి వినిపిస్తాడు, ఫలానావాడు నీ డబ్బు కట్టలేనంటున్నాడని. బ్యాంకుకు ఎగ్గొట్టగలడు, బావమరిదికి కూడా ఎగ్గొట్టగలడు, కాజాలక్కకు ఎగ్గొట్టలేడు. తల తాకట్టు పెట్టయినా సరే, ఆమెది చేతికే ఇస్తాననుకున్నాడు. కాబట్టి లిస్టు బయట పెట్టాడు. ఆమెకు అంతకన్నా పెద్ద గౌరవం లేదనుకున్నాడు పిచ్చి మనిషి. పనివాళ్ల బాకీలు అన్నచోట 'లేవు' అని రాసి, రాసిందంతా నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టాడు.

కోర్టు ఒక ఆఫీసరమ్మను నియమించింది. యాభై దాటిన మనిషి, గొంతు పెంచదు, నవ్వదు. మిషన్లు అమ్మింది, కొట్టు ఖాళీ చేయించింది, వచ్చింది పదిమందికీ పంచితే వందకు తొమ్మిది చొప్పున ముట్టింది. బతకడానికి ఒక మిషను వదిలింది. నీలం చొక్కాలను కాగితం మీద 'విలువ లేనివి' అని రాసి అతనికే వదిలేసింది. మూడేళ్ల గడువు పెట్టింది. ఆ మూడేళ్లూ ప్రతి నెలా ఐదో తారీఖుకు ఒక ఫారం నింపాలి. సంపాదన ఎంత, అద్దె, కరెంటు, తిండి, మందులు, బస్సు, పని సామాను ఎంత. ఇవన్నీ పోను మిగిలింది ఆమె ఖాతాలో కట్టాలి. కొత్త అప్పు చేయకూడదు, ఎవరికీ విడిగా ఒక్క పైసా ఇవ్వకూడదు. గడువు నిక్కచ్చిగా గడిస్తే విడుదల పత్రం. ఆ రోజు నుంచి లిస్టులో ఉన్నవాళ్లు ఇక అతన్ని బాకీ అడగకూడదు.

ఎవరికీ విడిగా ఇవ్వకూడదన్నప్పుడు మాస్టరు లెక్కంతా తప్పింది. లిస్టులో పెట్టకపోతే ఇవ్వొచ్చనుకున్నాడు కదా. లిస్టులో లేకపోతే అసలే ఇవ్వకూడదట. చెప్పడానికి ప్రమాణం అడ్డం, ఇవ్వడానికి ఫారం అడ్డం.

వీధి వైపు గదిలో మిషను పెట్టుకుని పాత ప్యాంట్లు బిగించడం, జిప్పులు మార్చడం, అడపాదడపా ఒక చొక్కా, ఇదీ పని. కాజాలక్క మామూలుగానే వచ్చేది. పనివాళ్లు లేరని రాశాడు గనక ఆమె కూలి ఫారంలో చూపించే వీల్లేదు. అందుకని 'దారం' అని రాయడం మొదలుపెట్టాడు. నిజంగా దారానికి మూడు వందలు. కాజాలక్క పనికి వెయ్యి. దానికి ఇంకో వెయ్యి కలిపి నెలకు రెండు వేలు ఆమె చేతిలో పెట్టేవాడు. ఆ రెండో వెయ్యి అతని లెక్కలో బాకీ తీర్చడం. ఫారంలో మొత్తం దారం, రెండు వేల మూడు వందలు. ఆ వెయ్యి మిగల్చడానికి బస్సెక్కడం మానేశాడు, బీపీ మాత్ర రోజుకొకటి వేసుకోవాల్సింది రెండు రోజులకొకటి వేసుకునేవాడు. ఇది బాకీ అక్కా అని మాత్రం ఆమెతో ఎన్నడూ అనలేదు. అంటే నేరం అవుతుందని భయం. అనకపోతే కాదన్నట్టు.

ఇంటి పెద్ద దిక్కు మాస్టరు భార్య. ఆమెకు నోరూ ఉంది, ఓపికా ఉంది. మూడేళ్లుగా ఇంట్లో కర్టెన్లు నీలం గళ్లు, దిండు గలీబులు నీలం గళ్లు, కూరగాయల సంచీ నీలం గళ్లు. ఏ గదిలోకి పోయినా ఆ అప్పు మొహంలో మొహం పెట్టి చూస్తున్నట్టుండేది. "ఇంట్లో ఉన్నామో, స్కూలు బెంచీ మీద ఉన్నామో తెలియడం లేదు" అనేది. బావమరిది గడప తొక్కడం మానేశాడు. ఆ విషయం మీద మాత్రం ఆమె ఛలోక్తులు వేసేది కాదు. ఐదో తారీఖు ఫారం ఇచ్చి అతను ఇంటికి రాగానే ఒక చొక్కా చింపి, జానెడు ముక్క కత్తిరించి, బొంతకు అతికించేది. నెలకో ముక్క. ముప్పై ఆరు ముక్కలైతే బొంత పూర్తి, వీళ్లు బయటపడ్డట్టు. ముప్పై మూడో ముక్క కుట్టాక ఆగలేక అంచు పట్టీ కూడా మొదలెట్టింది.

ఆమె తొందరకు కారణం ఉంది. ఒక రెడీమేడ్ ఫ్యాక్టరీలో మాస్టరుకు కటింగ్ మాస్టరు ఉద్యోగం కుదిరింది. నెల జీతం, ఎండలో ఫ్యాను. బట్ట స్టాకు చేతికిస్తారు కాబట్టి విడుదల పత్రం చూపించాలన్నారు. మూడు నెలలేగా, ఆగుతామన్నారు.

ఆ ముప్పై మూడో ఫారం రోజునే అంతా తలకిందులైంది. ఆఫీసరమ్మ పాత ఫారాలన్నీ బల్ల మీద పేర్చి కూర్చుంది. వేలితో ఒక్కొక్క గడి దిగుతూ దారం దగ్గర ఆగింది. ఒక్క మిషనుకు ఇంత దారమా అని అడిగింది. మాస్టరు మంచి రకం వాడతానన్నాడు. ఆమె పెన్సిలుతో పక్కన చిన్న గీత గీసి పేజీ తిప్పింది. గడువు అయిపోగానే ఖాతాలో చేరిన లక్ష చిల్లరా పంచేస్తానని, ఇంకెవరైనా బాకీదారులు మిగిలిపోతే ఈ నెల ఇరవయ్యో తారీఖులోగా కాగితం పెట్టుకోవాలని చెప్పింది. ఆ తర్వాత మాటవరసకు అన్నట్టు ఒక మాటంది.

"మీ దగ్గర పనివాళ్ల బాకీలు లేవు కాబట్టి పదిమందికీ సమానంగా పోతోంది. ఉండుంటే ముందు వాళ్లకే ఇచ్చేదాన్ని. మొత్తానికి మొత్తం. బ్యాంకు కూడా వాళ్ల తర్వాతే."

మాస్టరుకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆరు మిషన్లు అమ్మిన రోజునే కాజాలక్క డబ్బు పైసాతో సహా వచ్చేసేది. ఆమె పేరు ఒక్క వరసలో రాసుంటే చాలు. మూడేళ్ల క్రితమే ఆమె గదిలో ఆమె గడియ వేసుకుని పడుకునేది. గౌరవం అనుకుని తానే ఆమెను బయట నిలబెట్టాడు.

లిస్టులో ఎవరినైనా మర్చిపోతే ఏమవుతుందని అడిగాడు. మర్చిపోవడం వేరు, దాచడం వేరు అంది ఆఫీసరమ్మ. పోయిన ఏడాది ఒకాయన తన చెల్లెలి పేరు దాచాడట, కోర్టు విడుదల ఆపేసి రెండేళ్లు పొడిగించిందట. ఆ మాట అంటూ పెన్ను మూత పెట్టి అతని వంక చూసింది. "ఎవరైనా ఉన్నారా?"

"లేరు మేడమ్. ఊరికే అడిగాను."

దాదాపు గంట నడిచి ఇంటికి చేరాడు. సాయంత్రం భార్యకు మొత్తం చెప్పేశాడు, దారం సంగతితో సహా. ఆమె అంచు కుడుతున్న బొంత ఒళ్లో పెట్టుకుని విన్నది. మొదట ఆమెకు కోపం వచ్చింది దారం మీద కాదు. మా అన్న పేరు రాయడానికి వచ్చిన చెయ్యి కాజాలక్క పేరు దగ్గర ఎందుకు రాలేదని నిలదీసింది. మా అన్నది డబ్బు కాదా అంది. అతను బావమరిదికి మేడ ఉంది, కాజాలక్కకు చాప ఉంది అనొచ్చు. అనలేదు.

కాసేపయ్యాక ఆమే తగ్గింది. "మూడు నెలలు నోరు కుట్టుకోండి. పత్రం చేతికొస్తుంది, ఉద్యోగంలో చేరతారు. అప్పుడు జీతంలోంచి దర్జాగా కట్టండి, నేను అడ్డం చెప్తే అడగండి. ఇప్పటికే ముప్పై మూడు వేలు ఇచ్చారుగా, ఇక మిగిలింది యాభై ఒకటి. ఏడాదిన్నర, లేదా రెండేళ్లు."

అందులో తప్పేముంది? నాకూ కనిపించదు. మాస్టరుకూ కనిపించలేదు. ఆ పది రోజులూ మనిషి తేలిగ్గా తిరిగాడు, మాత్ర రోజూ వేసుకున్నాడు.

ఇరవయ్యో తారీఖు ఇంకా ఐదు రోజులుందనగా కాజాలక్క వచ్చింది. సూదిలో దారం ఎక్కించి, ఎక్కించాక కుట్టకుండా కూర్చుంది. మేనల్లుడి ఇంటికి రెండు వీధుల అవతల ఒక గది ఖాళీ అయింది. కింద గదే, మెట్లెక్కే పని లేదు. తలుపు కొత్తది. యజమానురాలు నెలాఖరు వరకూ ఆగుతానంది, అడ్వాన్సు ఎనభై వేలు. మేనల్లుడి పెళ్లాం నడవలో అల్మరా పెట్టిస్తోందట, ఇక చాప వంటింట్లోకి మార్చుకోమందట. ఇదంతా చెప్పి, ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆమె నోరు తెరిచి అడిగింది.

"నా డబ్బు ఇవ్వగలవా తమ్ముడూ? అడగకూడదనే అనుకున్నాను. ఇంక నావల్ల కావట్లేదు."

మాస్టరు మిషను చక్రం మీద చెయ్యి వేసి, మొత్తం ఇప్పుడు లేదని, ఇచ్చింది పోను యాభై ఒకటి ఉందని, అది కూడా నెమ్మదిగా ఇస్తానని అన్నాడు. ఆమె అతని వంక వింతగా చూసింది. సంచీలోంచి ఖాకీ పుస్తకం తీసింది. అందులో ఎనభై నాలుగు. తగ్గించినట్టు ఒక్క రాత లేదు. నెలనెలా ఇచ్చిన రెండో వెయ్యి ఏమైందని అతను అడిగాడు.

"అది రేటు పెంచావనుకున్నాను. పని తగ్గితే కూలి పెంచే మాస్టరు లోకంలో నువ్వొక్కడివేనని మా కోడలి దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను." ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. "బాకీ తీరుస్తున్నావని ఒక్క మాట అంటే నేను కూడబెట్టుకునేదాన్ని కదా. కూలే కదా అని ఇంట్లో ఇచ్చేశాను."

మాస్టరుకు ఏడుపు రాలేదు. వచ్చుంటే బాగుండేది. మూడేళ్లు మాత్ర మింగకుండా, బస్సెక్కకుండా తీర్చిన ముప్పై మూడు వేలు మేనల్లుడి ఇంటి ఉప్పూపప్పుల్లో కలిసిపోయాయి. ఆ డబ్బును బాకీ అనకుండా తప్పించుకున్నది తానే. ఇప్పుడు బాకీ అంటే ఎలా కుదురుతుంది? నోటితో చెప్పని మాటకు ఆమె ఎలా కట్టుబడుతుంది? ఎటు తిరిగినా గోడే. ఆ గోడలన్నీ తన చేత్తో కట్టినవే. అదే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

నాలుగు రోజులు పని సాగలేదు. ఒక ప్యాంటుకు రెండు కాళ్లూ ఒకే వైపు కుట్టి, విప్పి, మళ్లీ అలాగే కుట్టాడు. భార్య చూస్తూనే ఉంది. ఇరవయ్యో తారీఖు పొద్దున అతను ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే ఎక్కడికని అడగలేదు. అంచు పట్టీ ఇంకా రెండు జానలే మిగిలింది అని మాత్రం అంది. అతను విననట్టు చెప్పులేసుకున్నాడు.

కాజాలక్కను ఆఫీసుకు రమ్మంటే ఆమె ఒప్పుకోలేదు. నీ మీద కేసు పెట్టినట్టవుతుంది తమ్ముడూ, చచ్చినా పెట్టను అంది. కేసు కాదు, ఫారం, నీ డబ్బు గవర్నమెంటే ఇస్తుంది, నా జేబులోంచి పోదు అని నమ్మించాడు. అతనికేమైనా ఇబ్బందా అని అడిగింది. అతను లేదన్నాడు. ఆమె కోసం చెప్పిన అబద్ధాల్లో అదొక్కటే పనికొచ్చింది.

ఆఫీసరమ్మ ఖాకీ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. అంచు మీద కాజా కుట్టును వేలితో తడిమి చూసింది. ఎంత రావాలని కాజాలక్కను అడిగింది. ఎనభై నాలుగు వేలమ్మా అంది ఆమె. ఆఫీసరమ్మ మాస్టరు వైపు తిరిగింది.

"ఇందులో మీరు ఇప్పటిదాకా ఏమీ తీర్చలేదా?"

ముప్పై మూడు అని చెప్పొచ్చు. చెప్తే కాజాలక్కకు వచ్చేది యాభై ఒకటి, గది యజమానురాలు అడిగింది ఎనభై. చెప్పకపోతే ఆ వెయ్యిలు ఇక ఎన్నటికీ బాకీలో జమ కావు.

"ఏమీ తీర్చలేదు మేడమ్. ఎనభై నాలుగూ ఇవ్వాలి."

ఆఫీసరమ్మ పాత ఫారాలు ముందుకు లాక్కుంది. పెన్సిలు గీత ఉన్న చోట వేలు పెట్టి, మరి ఈ దారం ఏమిటని అడిగింది. మాస్టరు నోరు తెరిచేలోగా కాజాలక్క ముందుకు వంగింది. దారం ఇంత ఎక్కడవుతుందమ్మా, మూడు వందలు కూడా కాదు అంది. నాకు నెలకు రెండు వేలు కూలి ఇస్తున్నాడు, రేటు పెంచాడు, మంచి మనిషి, మీరే ఏదో ఒకటి చూసి ఇతనికి విడుదల కాగితం ఇవ్వాలి అని బతిమాలింది.

ఆఫీసరమ్మ చాలాసేపు మాస్టరు మొహం చూసింది. ఆమెకు అంతా అర్థమైందని అతనికి అర్థమైంది. పనివాళ్లు లేరన్న సంతకం ఆమె ముందే ఉంది, ఆ పని చేసే మనిషీ ఎదురుగానే కూర్చుంది.

"ఇది నేను రాసి పంపితే ఏమవుతుందో మీకు తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"ఏమవుతుంది?" అంది కాజాలక్క, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"ఏమీ లేదక్కా. ఇక్కడ సంతకం పెట్టాలి, అంతే."

ఆమె అద్దాలు సర్దుకుని, సూది పట్టుకున్నంత జాగ్రత్తగా పెన్ను పట్టుకుని సంతకం పెట్టింది.

ఆఫీసరమ్మ ఒక్క సాయం చేసింది. గది చేజారిపోకుండా, గడువు దాకా ఆగకుండా కోర్టు అనుమతి తెప్పించి, నెలాఖరుకే ఖాతాలోంచి ఎనభై నాలుగు వేలూ ఇప్పించింది. కోర్టు నుంచి ఇంకో కాగితం మాస్టరు ఇంటికి పోస్టులో వచ్చింది. పనివాళ్ల బాకీ దాచినందుకు, నెలవారీ ఖర్చులు తప్పుగా చూపినందుకు విడుదల ఆపి, గడువు ఇరవై నాలుగు నెలలు పొడిగించారు. ఫ్యాక్టరీవాళ్లు మర్యాదగానే మాట్లాడారు. రెండేళ్లంటే ఆగలేమన్నారు.

భార్య కాగితం చదివి, మడిచి, అతని చేతికిచ్చింది. తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాడు, తిట్టు పడితే కాస్త ఊపిరాడేదేమో. ఆమె బొంత తెచ్చుకుని గుమ్మంలో వెలుతురుకు కూర్చుంది. అతని డబ్బాలోంచి బ్లేడు తీసుకుని అంచు పట్టీ కుట్లు ఒక్కొక్కటే తెంచడం మొదలుపెట్టింది. ముప్పై ఆరు ముక్కలకు కొలిచి కత్తిరించిన పట్టీ అరవైకి చాలదు. పాతికేళ్లలో ఎన్ని కుట్లు విప్పి ఉంటాడో మాస్టరుకే తెలియదు, కానీ ఆ టక్ టక్‌మనే చప్పుడు అతను కూర్చుని వినలేకపోయాడు. కాజాలకు ఇవ్వాల్సిన రెండు చొక్కాలు చంకలో పెట్టుకుని బయటపడ్డాడు.

కాజాలక్క కొత్త గదిలో ఒక చాప, ఒక స్టవ్, గోడకు తగిలించిన అద్దం. అతన్ని చూసి ఆమె మొహం వెలిగిపోయింది. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నాలుగు రోజులుగా ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నానని, తెల్లారాక ఎవరో లేపాలి కాబోలని పడుకునే ఉంటున్నానని చెప్పుకుని నవ్వింది. తర్వాత నీ కాగితం ఎప్పుడొస్తుందని అడిగింది. దగ్గర్లోనే ఉందన్నాడు. ఫ్యాక్టరీలో చేరితే నన్ను మర్చిపోకు, అక్కడ కూడా కాజాలుంటాయిగా అంది.

అతను లేచి గుమ్మం దాటాక ఆమె ఉండమంది. గడియ చూపించాలట. తలుపు మూసింది. లోపల ఇనుప గడియ జారి పడ్డ చప్పుడు వినిపించింది.

"తొయ్యి తమ్ముడూ" అంది లోపలి నుంచి. "గట్టిగా తోసి చూడు."

మాస్టరు చొక్కాలు లోపలే వదిలేశాడు కాబట్టి రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి. అరచేతులు తలుపుకు ఆనించి తోశాడు. కొత్త చెక్క, కొంచెం కూడా కదల్లేదు. భుజం పెట్టి ఇంకా బలంగా తోశాడు. అవసరమైన దానికన్నా బలంగా, ఆమె అడిగిన దానికన్నా ఎక్కువసేపు తోశాడు.

"రావట్లేదా?" ఆమె నవ్వుతోంది.

"రావట్లేదక్కా."

లోపల ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. అతను నుదురు తలుపుకు ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. మర్నాడు ఐదో తారీఖు, ఫారం నింపాలి.